సంఘపు ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోవుట

గడచిన యాసంగి వడ్ల కొనుగోలు కాలమున సంగారెడ్డి సమీపమునందలి యొక కేంద్రమునకు నేను పోయితిని. తార్పాలిను పందిరిక్రింద, గోనెసంచుల దొంతరమీద ల్యాప్‌టాప్ నుంచుకొని గుమాస్తా తూకముల వివరములు ఎక్కించుచుండెను. ప్రక్కనే వడ్లు శుభ్రపఱచు మిషను తాలును, పొట్టును, దుమ్మును ఎగజిమ్ముచుండెను. పగలు రెండు గంటల వేళ ల్యాప్‌టాప్ పెద్దగా రొదచేసి, తెర నల్లబడి ఆగిపోయెను. అరగంటకు మరల నడిపిరి. పది నిమిషములకు మరల ఆగెను. ఇరువదిమంది రైతులు తమ కుప్పలయొద్ద ఎండలో కూర్చుండిరి. వివరములు ఎక్కనిదే ఖాతాలో సొమ్ము పడదు గదా! వైరసు పట్టినదని యొకరును, మిషను పాతదైనదని మఱియొకరును అనిరి. పట్టణములో మరమ్మతు చేయువాడొకడు మదర్‌బోర్డు పోయినదని చెప్పి పెద్ద మొత్తమే అడిగెను. తుదకు వేఱొకనిచే అడుగుమూత విప్పించి చూడగా, ఫ్యాను ప్రక్కనున్న రేకుల సందులలో పొట్టునూగు దుప్పటివలె పేరుకొని యుండెను. దానిని తీసివేసినంతనే ఆ యంత్రమే కొనుగోళ్లు ముగియువఱకు పనిచేసెను.

2022 జూన్ 29వ తేదీన కేంద్ర ప్రభుత్వమువారు 2,516 కోట్ల రూపాయల వ్యయముతో 63,000 ప్రాథమిక సహకార సంఘములను కంప్యూటరీకరించు పథకమును ఆమోదించిరి. పద్దు పుస్తకములు యంత్రములోనికి పోవు ఈ కాలమున దాని వేడి సంగతి గుమాస్తాకే గాక సభ్యులకును తెలిసియుండుట మంచిది.

బోరులోని సబ్‌మెర్సిబుల్ మోటారు సంగతి మీరెఱుగుదురు. దాని చుట్టును నీరు పారుచున్నంతసేపే అది చల్లగా నుండును; నీరు తగ్గినను, బురద క్రమ్మినను వైండింగు కాలిపోవును. ల్యాప్‌టాప్‌నకు ఆ నీటి స్థానమున గాలి. లెక్కలు చేయు ముఖ్యభాగమగు ప్రాసెసరు గోరంత జాగాలో మిక్కిలి వేడిని పుట్టించును. ఆ వేడిని దూరముగా గొనిపోవుటకు చదునైన రాగిగొట్ట ముండును. అందులో అతి స్వల్పముగా నీరు, పీడన మింకను స్వల్పము. కావున నీరు తక్కువ వేడికే ఆవిరియై చల్లని కొనకు పోయి, అచ్చట మరల నీరై, గొట్టపు లోపలి సన్నని వత్తివంటి పొరగుండ వెనుకకు వచ్చును. అమెరికాలోని లాస్ అలమోసు ప్రయోగశాలలో 1963లో జార్జి గ్రోవరను శాస్త్రజ్ఞుడు ఇట్టి గొట్టమును నిర్మించెను. అటుపిమ్మట అది ఉపగ్రహములలోను వాడబడెను. చల్లని కొనయందు పలుచని రేకులును, వానికెదురుగా ఫ్యానును ఉండును. ట్రాక్టరు రేడియేటరును తలంచుకొనుడు. పొట్టు క్రమ్మిన రేడియేటరుతో దుక్కి సాగదు.

వేడి సుమారు 90 మొదలు 100 డిగ్రీలకు చేరునప్పటికి ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును. గుమాస్తా మందకొడివాడని మనము విసుగుకొనునది చాలసార్లు ఈ ఘడియలలోనే! అప్పటికిని తగ్గనిచో యంత్రము కాలిపోకుండ తనంతట తానే ఆగును. కాబట్టి ఆగుట రోగము కాదు, రక్షణ. ఆగినదానిని వెంటవెంటనే మరల నడిపించుట మాత్రము తప్పు.

చాల కంపెనీలవారు తమ ల్యాప్‌టాప్‌లను 35 డిగ్రీల వఱకు గల గాలిలో వాడుమందురు. మన జిల్లాలో మే మాసపు పగటివేడి 40 డాటుట అరుదు కాదు. రేకుల కప్పుక్రింద నింకను హెచ్చు. పటాన్‌చెరు, పాశమైలారము ప్రాంతములలో ఫ్యాక్టరీల దుమ్ము, లారీల దుమ్ము దీనికి తోడు. వడ్ల తేమ 17 శాతము మించెనా యని శ్రద్ధతో కొలుచు మనము ల్యాప్‌టాప్ అడుగున చేయిపెట్టియైనను చూడము.

మొట్టమొదట దానిని గోనెసంచి మీదను, పరుపు మీదను, ఒడిలోను ఉంచుట మానవలెను. గాలి పీల్చు రంధ్రములు అడుగుననే యుండును. మెత్తనిది వానిని మూసివేయును. గట్టిబల్లమీద, వెనుకవైపున రెండు చెక్కముక్కలు పెట్టి అంగుళ మెత్తు లేపినను ఉపకారమే. కొనుగోలు కేంద్రమున వడ్లమిషనుకు గాలి వచ్చువైపున, కనీసము ఇరువది అడుగుల దూరమున నీడలో బల్ల వేయవలెను. తడిగుడ్డ కప్పుట, ఫ్రిజ్‌లో పెట్టుట, కూలరు తుంపరకు ఎదురుగా నుంచుట అపాయకరములు; లోపల తడి చేరినచో పోవునది వేడి కాదు, యంత్రమే. మూత మూసినను కొన్నిసార్లు అది నిద్రపోక నడచుచునే యుండును. అట్లే సంచిలో పెట్టి మోటారుసైకిలుపై తెచ్చినవారు చేతులు కాలునంత వేడిగా బయటికి తీసిరి. కావున పూర్తిగా ఆపియే సంచిలో పెట్టవలెను.

దుమ్ము దీయుటకు యంత్రము నాపి, ఛార్జరు తీసి, చేతి బ్లోయరుతో గాలి వెడలు సందునుండి కొద్దికొద్దిగా ఊదవలెను. ఊదునపుడు ఫ్యాను వడిగా తిరుగకుండ సన్నని పుల్లతో ఆపియుంచవలెను. టైరు పంక్చరు దుకాణపు కంప్రెసరు గొట్టము పెట్టరాదు. ఆ గాలి యొత్తిడి మిక్కుటము, అందు నీటితుంపరయు, నూనెయు నుండును. ఊదినను తగ్గనిచో, ప్రాసెసరుకును రాగికిని నడుమ పూయు థర్మల్ పేస్టు ఎండియుండవచ్చును. అది తెలిసినవానిచే మార్పించవలెను; ఖర్చు పెద్దది కాదు. గుమాస్తా టాస్క్ మేనేజరును తెఱచి, పనిలేక నడచు ప్రోగ్రాముల నాపినను కొంత వేడి తగ్గును.

బ్యాటరీ విషయమున మాత్రము ఉపేక్ష కూడదు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌వారు విత్తనములను దీర్ఘకాలము నిలుపుటకు సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో ఉంచుదురు, ఏలయన వేడి విత్తనపు ఆయువును హరించును. లిథియము బ్యాటరీ ఆయువును సైతము వేడి యట్లే హరించును. నిండుగా ఛార్జయి యుండగా వేడి తగిలిన మఱియు చేటు. 80 శాతము వద్ద ఛార్జింగు నాపు ఏర్పాటు అనేక యంత్రములలో కలదు, దానిని వాడుకొనుడు. 2006 ఆగస్టులో డెల్ కంపెనీవారు సోనీ తయారుచేసిన బ్యాటరీలు మండుచున్నవని 41 లక్షల బ్యాటరీలను వెనుకకు పిలిపించవలసి వచ్చెను. వ్రేలితో రాయు పలక పైకుబికినను, మూత సరిగా పడకున్నను, తీయని ఘాటువాసన వచ్చినను బ్యాటరీ ఉబ్బినదని యెఱిగి వెంటనే ఛార్జరు తీయవలెను. ఒత్తరాదు, గ్రుచ్చరాదు. పత్తికిని, గడ్డికిని, గోనెసంచులకును దూరముగా కటికనేలపై నుంచి, కంపెనీ సేవాకేంద్రమున కప్పగింపవలెను. పొగ వచ్చినచో సొమ్ముకై చేయి చాపక మనుష్యులు తొలగి, అగ్నిమాపక దళమునకు 101 సంఖ్యకు ఫోను చేయవలెను.

యాసంగి వడ్లు ఏప్రిలులో కళ్లములకు వచ్చును గనుక మార్చిలో నొకసారియు, వానాకాలపు కొనుగోళ్లకు ముందు సెప్టెంబరులో నొకసారియు సంఘపు ల్యాప్‌టాప్ దుమ్ము దీయించి, ఆ తేదీని అడుగున చీటీవ్రాసి అంటింపుడని కార్యదర్శులను సభ్యులు అడుగవచ్చును.