గిడ్డంగిలో ఫోర్కులిఫ్టు ఉద్యోగము – అర్హతలు, పని పరిస్థితులు

పదవ తరగతి ముగియుచుండగనే మనలో ననేకుల యిండ్లలో నొకటే ప్రశ్న వినవచ్చును: "తరువాత నేమి?" కళాశాలకు పోగలవారు పోవుదురు. త్వరలో సంపాదింపవలసినవారి మాటయేమి? అట్టివారి కుపయోగింపగల యొక పనిని గూర్చి యిచట తెలుపదలచితిమి. అది ప్రభుత్వ గిడ్డంగులలో ఫోర్కులిఫ్టు నడుపు పని.

కేంద్ర గిడ్డంగుల సంస్థ 1957లో స్థాపింపబడెను. నేడు కర్ణాటక రాష్ట్ర గిడ్డంగుల సంస్థ యని పిలువబడునదియు నాయేడే యేర్పడెను. భారత ఆహార సంస్థ 1965లో వెలసెను. ఓడరేవునకు దూరముగ, దేశము లోపల కంటైనర్లను దింపు మొదటి డిపో 1981లో మన బెంగుళూరునందే ప్రారంభమయ్యెను. ఇపుడు వైట్‌ఫీల్డులో పెద్ద కంటైనరు డిపో కలదు. ధాన్యపు గిడ్డంగులలో 50 కిలోల బస్తాలను హమాలీలు నేటికిని మోయుచున్నారు. చెక్క పలకలపై పేర్చిన పెట్టెలను, బరువైన సరకులను ఎత్తి పేర్చుటకు ఫోర్కులిఫ్టు కావలెను.

ఈ యంత్రము పని తీరు మనము భౌతికశాస్త్రమున చదివిన తులాదండమే. ముందు చక్రములు ఆధారబిందువు. ముందు భుజములపై సరకు, వెనుక యంత్రము బరువు. ఆధారమునుండి 1 మీటరు దూరమున నున్న 1000 కిలోల సరకు యంత్రమును ముందునకు ఎంత వంచజూచునో, 1.5 మీటరుల దూరమున నదే సరకు దానికి ఒకటిన్నర రెట్లు వంచజూచును. కావుననే యెంత దూరమున నెంత బరువు ఎత్తవచ్చునో తెలుపు రేకు యంత్రముపై బిగింపబడి యుండును. దానిని చదువలేనివాడు నడుపుటకు అర్హుడు కాడు. ఇది వెనుక చక్రములతో తిరుగును. మలుపులో వెనుకభాగము విసురుగా ప్రక్కకు వచ్చును. సరకును నేలకు దగ్గరగ దించియే కదలవలెను. యంత్రము ఒరిగినచో దుముకరాదు. బెల్టు ధరించి ఆసనముననే గట్టిగ కూర్చుండవలెను. దుమికినవారే దానిక్రింద పడి నలుగుదురు.

ఇక అర్హతలు. పదునెనిమిదేండ్లు నిండవలెను, చూపు, వినికిడి బాగుండవలెను. సాధారణముగ పదవ తరగతియు, యంత్రము నడుపుటలో శిక్షణపత్రమును అడుగుదురు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఆవరణలోపల మాత్రమే వాడుటకు నిర్మింపబడిన ప్రత్యేక వాహనము మోటారు వాహనము కాదు. అయినను ప్రకటనలలో డ్రైవింగు లైసెన్సు తరచుగ కోరబడును. అమెరికా దేశమున మూడేండ్ల కొకసారియైనను నడుపువాని నేర్పును మరల పరీక్షింపవలెనను నియమము కలదు. నేర్పు ఒకనాటితో ముగియునది కాదని దీని భావము.

తెలుగు మాధ్యమమున చదివిన మనము మరియొకటి గమనింపవలెను. గిడ్డంగిలోని హెచ్చరిక పలకలు కన్నడమునను ఆంగ్లమునను ఉండును. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. కొలది శ్రమతో నేర్వవచ్చును. ఆ పలక చదువగలుగుట ప్రాణరక్షణమే.

పని పరిస్థితులను కూడ దాచక చెప్పవలెను. ఎండకు కాగిన రేకుల కప్పు, దుమ్ము, డీజిలు పొగ, రాత్రి వంతులు తప్పవు. బ్యాటరీ యంత్రములున్న చోట పొగ బాధ లేదు. వృత్తి భద్రతకు సంబంధించిన 2020 నాటి స్మృతి 2025 నవంబరులో అమలునకు వచ్చినది. దాని ప్రకారము దినమునకు 8 గంటలు, వారమునకు 6 దినములు మించరాదు. అదనపు పనికి రెట్టింపు వేతనమీయవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన విషయ మిది. ఆవరణ ప్రభుత్వమునదే యైనను, ఉద్యోగము ప్రభుత్వమునది కాకపోవచ్చును. పలు గిడ్డంగులలో సరకు దింపు పనిని కాంట్రాక్టరులకు అప్పగింతురు. కాంట్రాక్టరు వేతన మీయనిచో మూల యజమానియే చెల్లింపవలెనని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టము శాసించెను. క్రొత్త స్మృతియు నీ సూత్రమును నిలిపినది. అయినను చేతిలో కాగితము లేనివాడు తన పనిని ఎట్లు రుజువు చేయగలడు?

కావున మిత్రులారా, చేరుటకు ముందు మూడు ప్రశ్నలు వేయుడు. నియామకపత్రము ఎవరి పేరున వచ్చును? భవిష్యనిధి, ఆరోగ్యబీమా కలవా? యంత్రమును ఎవరు, ఎప్పుడు పరీక్షించిరి? ఈ మూడింటికి వ్రాతమూలకముగ జవాబు దొరికినచో నిర్భయముగ ముందడుగు వేయవచ్చును. బరువు నెత్తుటకు ముందు దాని తూకము తెలిసికొనుట యెంత యవసరమో, పనిలో చేరుటకు ముందు దాని షరతులు తెలిసికొనుటయు నంత యవసరమని మా విన్నపము.