ఫ్యాను స్థానంలో దీపం: మెయిన్ స్విచ్‌తో పాటు ఇన్వర్టర్‌నూ ఆపాలి

ఇంటి పైకప్పునకు ఉన్న పాత ఫ్యానును తొలగించి, దాని స్థానంలో ఎల్.ఇ.డి. దీపాన్ని అమర్చుకోవడం చిన్న పనిగా కనిపించినప్పటికీ, విద్యుత్ సరఫరాను పూర్తిగా నిలిపివేయకుండా చేపట్టినచో ప్రాణాపాయానికి దారితీయగలదు. గృహాలకు అందే 230 వోల్టుల విద్యుత్తు ప్రాణాంతకమైనది. పైగా నిచ్చెనపై ఉన్నవారికి స్వల్పమైన షాక్ తగిలినా పట్టుతప్పి పడిపోయే ప్రమాదమున్నది.

గోడమీది స్విచ్‌ను ఆపడం మాత్రమే సరిపోదు. నిబంధనల ప్రకారం స్విచ్ ఫేజ్ తీగపైనే ఉండవలెను. అయితే కొన్ని పాత ఇళ్ళలో పొరపాటున న్యూట్రల్ తీగపై అమర్చి ఉంటుంది. అట్టి ఇళ్ళలో స్విచ్ ఆపగానే ఫ్యాను ఆగినప్పటికీ, పైనున్న తీగలో విద్యుత్తు యథాతథంగా ఉంటుంది. తీగల రంగులను నమ్మడం కూడా క్షేమకరం కాదు. ఫేజ్‌కు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ వాడుకలో ఉన్నప్పటికీ, మరమ్మతుల సమయంలో ఈ క్రమం తప్పి ఉండవచ్చును.

ఇన్వర్టర్ గల ఇళ్ళలో మరింత అప్రమత్తత అవసరం. మెయిన్ స్విచ్‌ను ఆపగానే ఇన్వర్టర్ దానిని సరఫరాలో అంతరాయంగా భావించి, బ్యాటరీ నుండి ఫ్యాను పాయింటుకు విద్యుత్తును పంపుతుంది. బ్యాటరీ 12 వోల్టులదే అయినా, ఇన్వర్టర్ నుండి వెలువడే విద్యుత్తు మెయిన్ సరఫరాతో దాదాపు సమానమైనది, అంతే ప్రమాదకరమైనది. ఇన్వర్టర్‌ను మాత్రమే ఆపినచో, పలు రకాలలో మెయిన్ సరఫరా నేరుగా ప్రవహిస్తూనే ఉంటుంది. కావున రెండింటినీ ఆపి, ఇతరులెవ్వరూ తిరిగి వేయకుండా ఇంటివారికి ముందుగా తెలియజేయాలి. అనంతరం పనిచేస్తున్నదని నిర్ధారించుకున్న టెస్టర్‌తో పైనున్న ప్రతి తీగనూ పరీక్షించాలి. ఫ్యాను కండెన్సర్‌లో విద్యుదావేశం నిలిచి ఉండే అవకాశమున్నందున దాని కొనలను తాకరాదు.

దీపం అమర్చేటప్పుడు ఫ్యాను రెగ్యులేటర్‌ను వలయం నుండి తొలగించి, స్విచ్ నుండి దీపానికి నేరుగా కనెక్షన్ ఇవ్వాలి. రెగ్యులేటర్ అలాగే ఉన్నచో దీపం మిణుకుమిణుకుమనడం, అందులోని డ్రైవర్ త్వరగా చెడిపోవడం జరుగుతుంది. సాధారణ పాత ఫ్యాను సుమారు 75 వాట్లు వినియోగించగా, గదికి సరిపోయే ఎల్.ఇ.డి. దీపానికి 12 నుండి 20 వాట్లు చాలును. కావున తీగపై భారం తగ్గుతుంది. అయినప్పటికీ తీగ తొడుగు పెళుసుబారినచో దానిని మార్చవలసినదే. తీగలను మెలిపెట్టి టేపు చుట్టడానికి బదులు కనెక్టర్‌లో బిగించాలి. ఎర్తింగ్ అవసరమైన లోహపు దీపాలకు ఎర్త్ తీగను తప్పక కలపాలి. బరువైన దీపాలను స్లాబులోని ఫ్యాను కొక్కేనికే వేలాడదీయాలి. ముందుగా ఆ కొక్కెం తుప్పు పట్టలేదని నిర్ధారించుకోవాలి.

ఈ పనిని ఎవరు చేయవచ్చునన్న విషయమై 1956 నాటి భారతీయ విద్యుత్ నియమావళిలోని 45వ నియమం స్పష్టత ఇచ్చింది. వైరింగ్ సామర్థ్యాన్ని గాని స్వభావాన్ని గాని మార్చని రీతిలో దీపాలు, ఫ్యాన్లు, స్విచ్‌లు మార్చుకోవడానికి మినహాయింపునిచ్చి, ఇతర పనులను లైసెన్సు పొందిన కాంట్రాక్టరే చేపట్టాలని నిర్దేశించింది. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ జారీ చేసిన నిబంధనలలోనూ ఇదే సూత్రం కొనసాగింది. వాటి స్థానంలో 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి. కొత్త పాయింటు వేయడం, తీగల మార్గం మార్చడం వంటి పనులను అర్హత గల ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి.

మీటరు తరువాతి వైరింగ్ నిర్వహణ బాధ్యత వినియోగదారునిదే. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అమర్చుకున్న ఇళ్ళలో షాక్ వలన ప్రాణనష్టం సంభవించే అవకాశం గణనీయంగా తగ్గుతుంది. అయితే అది సరఫరాను నిలిపివేసి పనిచేయడానికి ప్రత్యామ్నాయం కాదు.