మూడు గుంపులకు ఒకే కల్లం

త్రిభుజానికి ఇన్ని కేంద్రాలెందుకు, ఒకటి చాలదా?

వేసవిలో భద్రాచలం అడవిలో తునికాకు కోస్తారు. 50 ఆకులకో కట్ట కట్టి కల్లానికి మోస్తారు. ఒక త్రిభుజపు మూడు శీర్షాల దగ్గర కోసే మూడు గుంపులకూ కలిపి ఒకే కల్లం పెట్టాలనుకోండి. ‘నడిమధ్యన’ అంటాం సులువుగా. ఏ మధ్య? మూడు గుంపులకూ నడక సమానం కావాలంటే పరివృత్త కేంద్రం. మూడు భుజాలకూ సమదూరం కావాలంటే అంతర కేంద్రం. అట్టముక్క పెన్సిలు మొన మీద ఒరగకుండా నిలిచేది గురుత్వ కేంద్రం దగ్గర. అడిగేది మారితే మధ్య కూడా మారుతుంది.

నడక సమానమయ్యే చోటు ఎలా కనుక్కోవాలి?

గుంపులు (0, 0), (6, 0), (2, 4) దగ్గర ఉన్నాయనుకుందాం, కిలోమీటర్లలో. మొదటి రెండింటికీ సమదూరం కాబట్టి ఎక్స్ = 3. మూడోదానితో సరిచూస్తే 9 + వై² = 1 + (వై − 4)². వై = 1. కల్లం (3, 1) దగ్గర. ఎవరికైనా నడక √10, అంటే 3 కిలోమీటర్ల పైచిలుకు.

మరి శీర్షాల నుంచి ఎదుటి భుజాలకు గీసిన లంబాలు కలిసే లంబకేంద్రం? వాలులు, లంబరేఖల సమీకరణాలు అంటూ పేజీ నింపే పిల్లల్ని చూస్తే జాలేస్తుంది. మూడు శీర్షాలనూ కూడి, పరివృత్త కేంద్రానికి రెట్టింపు తీసేయండి: (8, 4) − (6, 2) = (2, 2). అయిపోయింది.

ఎందుకలా?

పరివృత్త కేంద్రాన్ని మూలబిందువు చేస్తే శీర్షాలన్నీ ఒకే దూరంలో ఉంటాయి. అక్కణ్ణుంచి ఏ రెండు శీర్షాలతో సమాంతర చతుర్భుజం గీసినా రాంబసే వస్తుంది. దాని కర్ణాల్లో ఒకటి మన త్రిభుజపు భుజం, రెండోది దానికి లంబం. కాబట్టి మూడో శీర్షానికి ఆ రెండు శీర్షాల మొత్తం కలిపితే లంబం మీదే నడుస్తాం. ఏ శీర్షం నుంచి బయల్దేరినా చేరేది ఒకే చోటికి. మూలబిందువును వెనక్కి జరిపితే, మూడుసార్లు తీసిన పరివృత్త కేంద్రం ఒక్కసారి తిరిగి కలుస్తుంది. నికరంగా రెండుసార్లు పోతుంది. ఈ రెండు కేంద్రాలూ, గురుత్వ కేంద్రమూ ఒకే గీత మీద ఉంటాయని 18వ శతాబ్దంలోనే ఆయిలర్ చూపాడు.

ఒక్క జాగ్రత్త. మూడో గుంపు (2, 1) దగ్గరుంటే కోణం 90 డిగ్రీలు దాటుతుంది, పరివృత్త కేంద్రం (3, −3.5)కి, త్రిభుజం బయటికి పోతుంది. నడక సమానమే, కానీ అందరికీ నాలుగున్నర కిలోమీటర్ల పైనే! అప్పుడు కల్లం (3, 0) దగ్గర పెట్టండి. ఎవరూ 3 కిలోమీటర్లు దాటి నడవరు.