పాత ఫోర్ బై ఫోర్ జీపు కొనేముందు కింద ఎందుకు చూడాలి?

కోసిగి, ఆదోని పక్క నల్లరేగడిలో వాన పడితే మామూలు బండి చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందితే బయటపడే అవకాశం ఎక్కువ.

కొనేవాళ్లు ముందు బానెట్ ఎత్తుతారు. అసలు సంగతి కింద ఉంది. గేర్‌బాక్సు వెనకుండే ట్రాన్స్‌ఫర్ కేసు ఇంజను బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచుతుంది. దాని ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టే. ఛాసిస్ మూలల్లో ఎండిన రేగడిని గీకి చూడండి. అది తేమను పట్టి ఉంచి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. అక్కడ కొత్త రంగు మెరుస్తుంటే నాకైతే అనుమానమే!

ఫోర్ బై ఫోర్ లివర్ వేసి నడిపి చూడాలి, తారు రోడ్డు మీద మాత్రం వద్దు. ఎందుకు? మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం పోతాయి. లివర్ వేస్తే మాత్రం రెండు ఇరుసులూ ఒకే వేగంతో తిరగాలి. మట్టిలో చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు జారనివ్వదు, లోపలి గేర్లు బిగుసుకుంటాయి. ముందు టైర్లు కొత్తవై, వెనకవి అరిగినా ఇదే తంటా. కాబట్టి దున్నిన చేనే మేలు.

ఆర్‌సీలోని ఛాసిస్ నంబరు బండి మీదున్న నంబరుతో సరిపోవాలి. అన్నిటికన్నా ముందు, అసలు ఆ లివర్ ఉందా? థార్ జీపుల్లో రెండు చక్రాలకే బలం అందే రకం కూడా అమ్మారు.