జంతువుల నుండి మానవులకు వైరస్‌లు: దోమ జాతుల పాత్ర

1963లో కలకత్తాలో బయటపడిన చికున్‌గున్యా జ్వరం, ఆ తరువాతి రెండేళ్లలో విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి పట్టణాలకు వ్యాపించింది. ఆఫ్రికా అడవులలో ఈ వైరస్ కోతులకు, ఏడిస్ జాతి అడవి దోమలకు మధ్య సంచరిస్తుంది. మన పట్టణాలలో దానికి కోతితో పని లేదు. ఏడిస్ ఈజిప్టి దోమ దానిని ఒక మనిషి నుండి మరొకరికి నేరుగా చేరవేస్తుంది.

వైరస్ వ్యాప్తిలో దోమ కేవలం సూది వంటిది కాదు. రక్తంతో పాటు లోనికి చేరిన వైరస్ ముందుగా దోమ జీర్ణాశయ కణాలలో వృద్ధి చెంది, పిదప లాలాజల గ్రంథులకు చేరాలి. ఇందుకు సాధారణంగా వారం నుండి రెండు వారాలు పడుతుంది. అన్ని జాతులలోనూ ఇది సాధ్యపడదు. కనుక ఏ జాతి దోమ, ఎక్కడ పెరిగి, ఎవరి రక్తాన్ని కోరుతుందనేదే వ్యాధి స్వరూపాన్ని నిర్ణయిస్తుంది.

జపనీస్ మెదడువాపు వ్యాధి ఇందుకు చక్కని ఉదాహరణ. క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్, క్యూలెక్స్ విష్ణుయి దోమలు వరి మడులలో పెరుగుతాయి. ఇవి కొంగల నుండి వైరస్‌ను గ్రహించి పందులకు అందిస్తాయి. పంది రక్తంలో వైరస్ విస్తారంగా వృద్ధి చెందడం వలన, దానిని కుట్టిన దోమలు సులభంగా వాహకాలవుతాయి. పశువులను ఈ దోమలు ఎక్కువగా కుట్టినప్పటికీ, వాటి రక్తంలో వైరస్ తగినంతగా పెరగదు. మనిషి కూడా అంతే. అతని నుండి వైరస్ ముందుకు సాగదు. అయితే మెదడువాపు లక్షణాలు కనిపించిన వారిలో 30 శాతం వరకు మరణించవచ్చు. బాధితులలో అధికులు పిల్లలే.

ఓడరేవుకు మరొక ప్రమాదం ఉంది. పసుపు జ్వరం మన దేశంలో లేదు. కాని దానిని మోయగల ఏడిస్ ఈజిప్టి ఉంది. అందువల్లనే అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు రేవు చుట్టూ కనీసం 400 మీటర్ల మేర వాహక నియంత్రణను కోరుతున్నాయి.

నివారణ కూడా జాతిని బట్టి మారాలి. నగరంలో తొట్టెలను వారానికొకసారి ఖాళీ చేసి, అంచులను రుద్ది కడగాలి. ఏడిస్ గుడ్లు ఎండిన గోడలపై నెలల తరబడి బ్రతికి ఉంటాయి. పల్లెలలో వరికి ఆరుతడి పద్ధతిని అనుసరిస్తే లార్వాలు పెరుగుదల పూర్తికాకముందే నశిస్తాయి, నీరూ ఆదా అవుతుంది. పందుల కొట్టాలను నివాసాలకు దూరంగా నిర్మించి, పిల్లలకు టీకా వేయించాలి. ఈ విషయాలను రైతులకు సాగు సలహాలతో పాటే తెలియజేయడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత.