మనోవేదనకు పొరుగువారి ఆసరా

జ్వరం వస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లే గ్రామీణుడు, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని దిగులు ఆవరిస్తే ఎవరి వద్దకు వెళ్లాలి? బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన సర్వేలో, వయోజనుల్లో దాదాపు ప్రతి పదిమందిలో ఒకరికి మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది. వారిలో అత్యధికులకు చికిత్సే అందలేదు. నిపుణులు అధికంగా నగరాలకే పరిమితం కావడం ఇందుకు ఒక కారణం.

నిపుణులు వచ్చేదాకా వేచి ఉండనక్కరలేదని గోవా అనుభవం నిరూపించింది. 'సంగత్' సంస్థ ఆధ్వర్యంలో 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, తీవ్రమైన కుంగుబాటుకు లోనైన 495 మందిపై అధ్యయనం జరిగింది. వారిలో ఒక వర్గానికి సాధారణ వైద్యంతోపాటు, వైద్య పట్టాలు లేని స్థానికులు శిక్షణ పొంది ఆరు నుంచి ఎనిమిది విడతలుగా సలహాలిచ్చారు. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం, మూడు నెలలకు వీరిలో 64 శాతం మంది తేరుకున్నారు. సాధారణ వైద్యం మాత్రమే పొందినవారిలో ఇది 39 శాతమే.

ఇందులోని కిటుకు సులభమైనదే. దిగులుపడిన మనిషి పనులు మానేస్తాడు, నలుగురికీ దూరమవుతాడు. దాంతో దిగులు మరింత ముదురుతుంది. మనసు కుదుటపడ్డాక పని చేద్దామనుకోకుండా, చిన్న పనితో మొదలుపెడితే మనసే క్రమంగా కుదుటపడుతుంది. రోజూ కాసేపు నడవడం, మానేసిన వంటకం మళ్లీ వండడం, ఆత్మీయుల ఇంటికి వెళ్లి రావడం ఇలాంటివే.

సరిహద్దుకు ఆవల కూడా ఇదే కథ. పాకిస్తాన్‌లోని రావల్పిండి ప్రాంతంలో ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ మహిళా ఆరోగ్య కార్యకర్తలు కుంగుబాటుకు గురైన గర్భిణులకు ఈ తరహా తోడ్పాటు అందించారు. ప్రసవానంతరం ఆరు నెలలకు వారిలో 23 శాతం మందిలోనే కుంగుబాటు మిగిలింది. ఈ తోడ్పాటు అందనివారిలో అది 53 శాతం. ఈ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. హింసతో నలిగిన పెషావర్‌లో కేవలం ఐదు విడతల శిక్షణ సత్ఫలితాలిచ్చినట్లు 2016లో వెల్లడైంది. నెమ్మదిగా ఊపిరి తీయడం, సమస్యను ముక్కలుగా విడదీసి పరిష్కరించుకోవడం, తోడు వెతుక్కోవడం అక్కడ నేర్పారు.

తీవ్ర మానసిక వ్యాధులకు, ఆత్మహత్య ఆలోచనలకు ఇది ప్రత్యామ్నాయం కాదు. అక్కడ వైద్యుడి అవసరం తప్పనిసరి. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన 'టెలి మానస్' ఉచిత ఫోన్ సేవ 14416 తెలుగులోనూ లభిస్తోంది. కానీ ఫోను చేసే ధైర్యమూ లేనివారి గుమ్మం ముందుకు ఎవరో ఒకరు రావాలి. అరకొర పారితోషికంతో, తలకు మించిన పనితో సతమతమవుతున్న ఆశా కార్యకర్తలపై ఈ బాధ్యతనూ ఉత్తచేతులతో మోపితే ప్రయోజనం శూన్యం. శిక్షణకూ, పర్యవేక్షణకూ, వేతనానికీ నిధులు కేటాయించినప్పుడే గోవా పాఠం మన పల్లెలకు చేరుతుంది.