చిన్న గదిలో మంద్రస్వరం

బస్తరు పల్లెలలో జగార్ కథాగానం జరిగేచోట ధన్‌కుల్ అనే ఒక వింత వాద్యం కనిపిస్తుంది. కుదురుపై నిలిపిన మట్టికుండ, కుండమూతిపై చేట, చేటపై ఆనించిన విల్లు - ఇంతే దాని సామగ్రి. గురుమాయి అని పిలువబడే గాయకురాలు ఒక చేత వింటినారిని మీటుతూ, రెండవ చేతిలోని వెదురుపుల్లతో వింటికర్రపై ఉన్న గాట్లను గీరుతుంది. గీరినప్పుడు కరకరమనే లయ పుడుతుంది. మీటినప్పుడు కుండ కడుపులోనుండి గుమ్మని మంద్రనాదం లేస్తుంది. కొండగాఁవ్‌కు చెందిన దివంగత హరిహర్ వైష్ణవ్ ఈ గాథలను గురుమాయిల నోట విని, గ్రంథస్థం చేసి లోకానికి అందించారు. ఆ గాథలతో బాటు ఆ కుండ కూడ మనకొక పాఠం చెబుతుంది: నారి ఒక్కటే మోగితే వినిపించేది స్వల్పం, దానికి ఒక బోలు పొట్ట తోడయితేనే మంద్రస్వరం బయటికి వస్తుంది.

బేస్ గిటారుకు ఆంప్లిఫయర్ సరిగ్గా ఆ కుండ వంటిదే. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ను విపణిలో పెట్టినప్పుడు, మనిషెత్తు డబుల్ బేస్‌ను మోసుకొని తిరిగే వాద్యకారుల కష్టం తీరింది. కాని ఆ సన్నని కొయ్యపలకలో బోలు లేదు. కడుపును వేరే పెట్టెలో పెట్టి, దానికి విద్యుత్తు నివ్వవలసి వచ్చింది.

నేడు హల్బీ, గోండీ పాటలను ఇంటి గదిలోనే రికార్డు చేసి లోకానికి వినిపించే యువకులు బస్తరులో తక్కువమంది కారు. ఒక మైకు, ఒక కంప్యూటరు, ఒక గిటారు ఉంటే పని మొదలవుతుంది. కొంతకాలానికి పాటకు అడుగున బలం చాలలేదని తోచి, బేస్ గిటారు తెస్తారు. ఆ వెంటనే ఎదురయ్యే ప్రశ్న: ఎటువంటి ఆంప్లిఫయర్ కొనాలి? జగదల్‌పూర్ నుండి రాయపూర్ సుమారు 300 కిలోమీటర్లు. విశాఖపట్నానికి ఇనుప ఖనిజం మోసుకుపోయే కిరండూల్ రైలుమార్గం ఉన్నది గాని, నాలుగు పెట్టెలు మోగించి చూడడానికి అంతదూరం పదేపదే పోగలవారెందరు? కనుక కొనేముందే కొంత లెక్క తెలిసి ఉండడం మేలు.

చాలమంది మొదట అడిగేది వాట్ల సంగతి. నిజానికి ఇంటి రికార్డింగులో అన్నిటికంటె తక్కువ పట్టించుకోవలసినది అదే. శక్తిని రెట్టింపు చేస్తే ధ్వని పెరిగేది 3 డెసిబెళ్లు మాత్రమే. చెవికి రెట్టింపు బిగ్గరగా వినిపించాలంటే శక్తి సుమారు పదిరెట్లు కావాలి. అనగా 20 వాట్ల పెట్టెకు రెట్టింపు మోత రావాలంటే 200 వాట్లు కావలసి ఉంటుంది! పెళ్లిపందిట్లో డోళ్ల సరసన నిలవడానికి 200 వాట్లు అక్కరకు రావచ్చు. ఇంటిలో 20 నుండి 40 వాట్లు చాలు. ఆ పైన పెట్టిన డబ్బు ఇరుగుపొరుగువారితో తగవుకు పెట్టుబడి అవుతుంది గాని పాటకు కాదు.

వాట్లకంటె పెద్ద చిక్కు గది. నాలుగు తీగల బేస్ గిటారులో అన్నిటికంటె లావుపాటి 'ఇ' తీగ సెకండుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఆ స్వరతరంగం పొడవు 8 మీటర్ల పైమాట. మన గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉన్నదనుకోండి. తరంగం అందులో పూర్తిగా ఇమడదు. గోడల నడుమ ముందుకూ వెనుకకూ కొట్టుకొని, కొన్ని స్వరాలను ఉబ్బించి, కొన్నిటిని మింగివేస్తుంది. ఈ కొలతల గదిలో ఉబ్బే స్వరాలు సుమారు 47, 56 కంపనాల వద్ద వస్తాయి. రెండవది 55 కంపనాల 'ఎ' తీగకు పక్కనే ఉన్నది. ఆ తీగను మీటగానే తలుపు గడియ గడగడలాడుతుంది, గూటిలోని గిన్నెలు పాడుతాయి. పక్క స్వరానికి పోగానే అంతా చప్పబడుతుంది. వాయించేవాడు తన వేళ్లను నిందించుకుంటాడు, లేదా పెట్టెను నిందిస్తాడు. నేరం గోడలది! పెట్టెను మూలకు నెడితే మంద్రం మరింత ఉబ్బుతుంది కనుక, మూలనుండి రెండుమూడు అడుగులు ఇవతలకు జరిపి, నేలమీదగాక ఒక ముక్కాలిపీటపై ఉంచి చూడండి. ఖర్చులేని చికిత్స ఇది.

గది ఇంత పెత్తనం చేసేచోట గదిని తప్పించుకునే దారి ఉన్న పెట్టెనే కొనాలన్నది నా అభిప్రాయం. ఆ దారి పేరు లైన్ అవుట్. అది ఉంటే గిటారు ధ్వని స్పీకరునూ, గాలినీ, గోడలనూ తాకకుండ తీగవెంటనే రికార్డింగు యంత్రానికి చేరుతుంది. ఇది చౌకబారు ఉపాయమని చిన్నచూపు చూడనక్కరలేదు. డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో 1960ల నాటి పాటలకు జేమ్స్ జామర్సన్ వాయించిన బేస్ నేరుగా తీగద్వారానే ఎక్కింది. నేటికీ వాద్యకారులు ఆ రికార్డులు పెట్టుకొని సాధన చేస్తారు. బస్తరులో దీనికి మరొక ప్రయోజనం కూడ ఉన్నది. జూన్ మొదలు సెప్టెంబరు వరకు రేకుల కప్పుపై వాన దబదబ కురుస్తున్నప్పుడు మైకు పెట్టి ఏమి రికార్డు చేయగలరు? లైన్ అవుట్‌కు వాన వినిపించదు.

దుకాణంలో ధరలు చూసేటప్పుడు ఈ తేడాను గమనించండి. ఉదాహరణకు ఫెండర్ వారి రంబుల్ వరుసలో 25 వాట్ల పెట్టెకు 8 అంగుళాల స్పీకరు, హెడ్‌ఫోను రంధ్రం ఉన్నాయి. ఎక్స్‌ఎల్‌ఆర్ లైన్ అవుట్ లేదు. 40 వాట్ల దానికి 10 అంగుళాల స్పీకరుతో బాటు ఆ లైన్ అవుట్ కూడ ఉన్నది. నేనయితే అదనపు సొమ్మును ఆ 15 వాట్ల కోసంగాక ఆ ఒక్క రంధ్రం కోసం చెల్లిస్తాను. ఏ కంపెనీ పెట్టె అయినా వెనుకవైపు తిప్పి ముందుగా చూడవలసినది ఇదే. అంత సొమ్ము లేనివారు చిన్నపెట్టెతో సాధన చేసి, విడిగా ఒక డి.ఐ. బాక్సు కొనుక్కున్నా పని జరుగుతుంది.

ఇక విద్యుత్తు. మన దేశంలో కరెంటు సెకండుకు 50 ఆవృత్తులతో ప్రవహిస్తుంది. బేస్ గిటారులో లావు తీగ మూడవ మెట్టుపై పలికే 'జి' స్వరం 49. ఎర్తు సరిగా లేని ఇంట్లో పెట్టె చేసే హమ్మనే రొద వాయిద్యపు స్వరానికి ఇంచుమించు పక్కనే పడుతుందన్నమాట! తరువాత దానిని వడపోయబోతే సంగీతం కూడ కొంత పోతుంది. కనుక మూడు పిన్నుల ప్లగ్గులో మూడవ పిన్నును విరిచి వాడే అలవాటు ప్రాణానికీ, పాటకూ రెండిటికీ చేటు. పెట్టె కొనేముందు గిటారు కలపకుండ శబ్దపు మరను సగానికి తిప్పి, చెవి దగ్గరగా పెట్టి వినండి. విదేశాలనుండి ఎవరైనా తెచ్చి ఇచ్చే పెట్టె 120 వోల్టులదయితే తగిన ట్రాన్స్‌ఫార్మరు లేనిదే గోడకు తగిలించవద్దు.

అసలు మెలకువ మాత్రం రికార్డింగు పూర్తయి, ధ్వనులను కలిపేవేళ కావలసి వస్తుంది. ధన్‌కుల్ కుండకు గాని, మాందరి డోలుకు గాని తమదైన మంద్రస్థానం ఉంటుంది. బేస్ గిటారు వచ్చి అక్కడే కూర్చున్నదంటే కుండ కనబడకుండ పోతుంది. పాట "ఆధునికం"గా వినిపిస్తుంది సరే, కాని అది ఎక్కడి పాటో తెలియదు. అందుచేత కుండను ముందుగా రికార్డు చేయండి. బేస్‌ను తరువాత, హెడ్‌ఫోనులో కుండను వింటూ, లైన్ అవుట్ ద్వారా చేర్చండి. ఒకే గదిలో రెండిటినీ మోగిస్తే ఒకదాని మైకులో మరొకటి దూరుతుంది. ఆ పిమ్మట ఈక్వలైజరులో ఒక సన్నని పట్టీని పెంచి, అడుగునుండి మెల్లగా పైకి జరపండి. కుండ ఎక్కడ హఠాత్తుగా గుమ్మంటుందో అదే దాని ఇల్లు. అక్కడ బేస్‌ను నాలుగైదు డెసిబెళ్లు తగ్గించండి. గురుమాయి రెండు మీటుల నడుమ ఇచ్చే విరామంలో బేస్ కూడ మౌనం పాటిస్తే మరీ మంచిది.

చివరగా, మీ పాటను వినబోయేవారిలో అనేకులు సంతలోనో, బస్సులోనో మొబైలు ఫోను బుల్లి స్పీకరుమీద వింటారు. 41 కంపనాల స్వరం దానిలోనుండి రానేరాదు. అయినా చెవికి ఒక చిత్రమైన గుణం ఉన్నది: మూలస్వరం లేకున్నా, దానికి రెట్లయిన 82, 123, 164 కంపనాల ఉపస్వరాలు వినిపిస్తే, లేని అడుగును మెదడు తానే కల్పించుకుంటుంది. అందుకే పెట్టెలో "బేస్" అని వ్రాసిన మరకంటె "మిడిల్" అని వ్రాసిన మర ఎంత సున్నితంగా పనిచేస్తుందో చూసుకొని కొనండి. దుకాణానికి పోయేటప్పుడు మీ గిటారునే తీసుకుపోండి. ఆ పెట్టెలో వాయించినది ఫోనులో రికార్డు చేసి, వీధిలోకి వచ్చి, లారీల రొదలో ఒకసారి విని, ఆపైన డబ్బు చెల్లించండి.